ఫొటో వచ్చిందా? మొత్తం వచ్చిందా?

పిల్లలూ,

ఈమధ్య మీరేదైనా పెళ్ళికి వెళ్ళారా? ఈసారి వెళ్ళినప్పుడు, ఫొటోలు తీసే ఆయనను కాస్త కనిపెట్టి చూడండి. ఆయన కెమేరా కంటికి ఆనించి మీట నొక్కుతాడు. కొన్ని పెళ్ళిళ్ళలో, రెండు మూడు సెకన్లు తిరక్కముందే, పందిరికి అవతల గదిలో బల్ల మీద ఉన్న కంప్యూటరు తెర మీద ఆ ఫొటో ప్రత్యక్షమవుతుంది. కెమేరాకూ కంప్యూటరుకూ మధ్య తీగ లేదు. ఎవరూ ఏదీ పట్టుకుని పరిగెత్తలేదు. అంతటితో అయిపోలేదు. చూస్తూండగానే ఫొటోలోని చీకటి కొంచెం విరుగుతుంది. వాడిపోయినట్టున్న రంగులు తేరుకుంటాయి. ఇంతా చేసి, కంప్యూటరు ముందు కుర్చీ ఖాళీగానే ఉంటుంది!

ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. ఇల్లు కట్టేచోట ఇటికలు అందించటం మీరు చూసే ఉంటారు. కింద ఒకడు, నిచ్చెన మీద ఒకడు, గోడ మీద ఒకడు నిలబడి, ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటారు. ఎవడూ తన చోటు వదిలి కదలడు. అయినా ఇటికలు పైకి చేరుతాయి. ఫొటో ప్రయాణం కూడా అలాంటిదే. ఇక్కడ నలుగురు పనివాళ్ళున్నారు: కెమేరా, రేడియో తరంగం, వాకిట్లో కాపలా కాసే ఒక చిన్న ప్రోగ్రాము, ఫొటోలకు మెరుగులు దిద్దే ఒక పెద్ద ప్రోగ్రాము. ఎవరి పని వారిది.

అయితే ఒక తేడా ఉంది. ఇటిక చేయిజారితే దబ్బుమని చప్పుడవుతుంది, అందరూ అటు తిరిగి చూస్తారు. ఫొటో జారిపోతే చప్పుడు కాదు. ఈ సంగతి మా ఇంట్లో మేము కొంచెం బాధపడి నేర్చుకున్నాం. అది మీకు ముందే చెబితే మంచిదని తోచింది.

వెయ్యి పున్నముల పండుగ

మా నాన్నగారికి సహస్ర చంద్ర దర్శనం చేశాం. అంటే వెయ్యి పున్నములు చూసినవారికి చేసే వేడుక. పున్నమి నుంచి పున్నమికి సుమారు 29½ రోజులు గనక, వెయ్యి పున్నములు చూడాలంటే మనిషికి 80 ఏళ్ళూ, ఆపైన పది నెలలూ నిండాలి. కావలిస్తే లెక్కకట్టి చూడండి.

మా అక్కయ్య కొడుకు ఇంటరు చదువుతున్నాడు. వాడికి కంప్యూటరు అంటే ప్రాణం. వాడు వారం ముందే వచ్చి, “మామయ్యా, ఈసారి కెమేరాలోంచి కార్డు తియ్యటం, కంప్యూటరులో దూర్చటం, గంటసేపు కూచోవటం, ఇవేవీ వద్దు. నువ్వు ఫొటో తియ్యి, చాలు. మిగతాదంతా దానంతట అదే జరిగేట్టు చేస్తాను,” అన్నాడు.

నేను సరేనన్నాను. వాడు ఏం చేశాడో ఒక్కొక్క పనివాణ్ణే పట్టుకుని చెబుతాను.

మొదటివాడు: కెమేరా

కెమేరా కన్ను వెనక ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. దాని మీద లక్షలకొద్దీ సూక్ష్మమైన గుంటలు. మా కెమేరాలో అలాంటివి 2 కోట్ల 40 లక్షలు. ఒక్కొక్క గుంటలో ఎంత వెలుతురు పడిందో కెమేరా కొలిచి అంకె వేస్తుంది. ఆ అంకెలనుబట్టి, ప్రతి చుక్కకూ ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడేసి అంకెలు తయారుచేస్తుంది. మొత్తం 7 కోట్ల 20 లక్షల అంకెలు! ఇంత మూట మోయటం కష్టం గనక, మన కన్ను పెద్దగా పట్టించుకోని చిన్నచిన్న తేడాలను వదిలేసి, మిగిలినదాన్ని బాగా మడత పెడుతుంది. ఈ మడత పద్ధతి పేరు జెపెగ్. దీన్ని 1992లో ప్రమాణంగా స్థిరపరిచారు. మడత పెట్టాక మూట తొమ్మిదో వంతుకు తగ్గిందనుకుందాం. అంటే 80 లక్షల అంకెలు.

ఈ మూటలో ఒక చమత్కారం ఉంది. జెపెగ్ మూటలో మొట్టమొదటి రెండు అంకెలు ఎప్పుడూ 255, 216. ముగింపు గుర్తు 255, 217. మనం ఉత్తరం పైన “శ్రీ” చుట్టి, కింద సంతకం పెట్టినట్టన్నమాట. సంతకం కనిపించలేదంటే ఉత్తరం ఇంకా పూర్తికాలేదని అర్థం. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికివస్తుంది.

మూట కట్టాక కెమేరా దానికి పేరు పెడుతుంది. మామూలుగా నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు. 0001తో మొదలుపెట్టి 9999 దాకా పోయి, మళ్ళీ 0001కి వస్తుంది. ఈ సంగతి కూడా గుర్తుంచుకోండి. మేము గుర్తుంచుకోలేదు.

రెండోవాడు: రేడియో తరంగం

ఇంట్లో ఫోనుకు ఇంటర్నెట్టు అందించే వైఫై రేడియో తరంగాలే మన ఫొటోను కూడా మోసుకుపోతాయి. వీటిలో ఒక రకం తరంగాలు సెకనుకు 240 కోట్ల సార్లు కంపిస్తాయి. ఒక అలకూ పక్క అలకూ ఎడం పన్నెండున్నర సెంటీమీటర్లు. మైక్రోవేవ్ పొయ్యిలో అన్నం వెచ్చబెట్టే తరంగాలు కూడా ఇంచుమించు ఇవే. పొయ్యి తరంగాలు చాలా బలమైనవి, అందుకని వాటిని ఇనప పెట్టెలో బంధించి ఉంచుతారు. వైఫై తరంగాలు చాలా బలహీనమైనవి. కాని నీరు రెంటినీ పీల్చుకుంటుంది. మన శరీరంలో ఎక్కువ భాగం నీరే గదా! అందుచేత, ఖాళీ హాలులో చురుగ్గా వచ్చిన ఫొటోలు, రెండు వందలమంది బంధువులు వచ్చి కూచోగానే నత్తనడక నడవసాగాయి. మావాడు రౌటరును అటక మీదికి ఎక్కించాడు. తరంగాలు జనం తలల మీదుగా పోసాగాయి, ఇబ్బంది తీరింది.

తరంగం ఫొటోను ఒక్కసారిగా మోయదు. ముక్కలు ముక్కలుగా మోస్తుంది. ప్రతి ముక్క చివరా ఒక సరిచూపు అంకె ఉంటుంది. అందుకున్న యంత్రం ముక్కలోని అంకెలన్నిటికీ లెక్క కట్టి, సరిచూపు అంకెతో కలిస్తే “చేరింది” అని తిరుగు కబురు పెడుతుంది. కబురు రాకపోతే పంపిన యంత్రం ఆ ముక్కను మళ్ళీ పంపుతుంది.

ముక్కలు పోయి చేరవలసిన చోటు ఏది, ఏ పేరుతో దాచాలి అనే సంభాషణకు కూడా ఒక మర్యాద ఉంది. చాలా కెమేరాలు ఇప్పటికీ వాడే మర్యాద పేరు ఎఫ్.టి.పి. దీన్ని మొదట కాగితం మీద పెట్టినవాడు మనదేశంవాడే. అభయ్ భూషణ్ అనే ఆయన కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి 1965లో బయటికి వచ్చిన మొదటి జట్టువాడు. అమెరికాలో ఎం.ఐ.టి.లో ఉండగా 1971 ఏప్రిల్‌లో ఆయన ఈ నియమాలు రాశాడు. అప్పటికి చేతిలో పట్టుకుని తిరిగే డిజిటల్ కెమేరాయే లేదు! ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు కాగితాల కట్టలు పంపటానికి రాసిన పద్ధతి, ఇన్నేళ్ళ తరవాత మా నాన్నగారి ఫొటోలు మోసింది. ఒక జాగ్రత్త పెద్దలకు: ఎఫ్.టి.పి. తన సంకేతపదాన్ని దాచుకోకుండా బయటికే చెబుతుంది. అందుచేత దాన్ని ఇంటి గడప దాటనివ్వకూడదు. దూరం పంపాలంటే తాళం వేసి పంపే పద్ధతులు వేరే ఉన్నాయి.

మూడోవాడు: కాపలావాడు

కంప్యూటరులో మావాడు రెండు ఫోల్డర్లు, అంటే రెండు అరలు పెట్టాడు. ఒకదాని పేరు “వాకిలి”, రెండోదాని పేరు “నట్టిల్లు”. కెమేరా పంపిన ఫొటో వాకిట్లో వాలుతుంది. కాపలా ప్రోగ్రాము రెండేసి సెకన్లకు ఒకసారి తొంగిచూసి, కొత్త ఫొటో కనిపిస్తే నట్టింట్లోకి చేరుస్తుంది. కొన్ని పెద్ద ప్రోగ్రాములు ఈ కాపలా కూడా తామే కాస్తాయి. అడోబీ వారి లైట్‌రూమ్ క్లాసిక్ అలాంటిది. ఒక ఫోల్డరు చూపించి కనిపెట్టుకుని ఉండమంటే, వచ్చిన ఫొటోను వచ్చినట్టే లోపలికి తీసుకుంటుంది. ఒకటే షరతు: పని మొదలుపెట్టేటప్పటికి ఆ ఫోల్డరు ఖాళీగా ఉండాలి. కాని మావాడు కాపలావాణ్ణి తానే తయారుచేస్తానని పట్టుబట్టాడు.

వేడుకకు ముందురోజు పరీక్ష చేశాం. నేను మా అమ్మను ఫొటో తీశాను. తెర మీద అమ్మ తల, కళ్ళు, ముక్కు కనిపించాయి. ముక్కు కింద అంతా బూడిదరంగు! అమ్మ చూసి, “ఇదేమిటర్రా, నన్ను విభూతిలో ముంచారు!” అన్నది.

జరిగిందేమంటే, ఫొటో ఇంకా వస్తూండగానే కాపలావాడు దాన్ని లాగేశాడు. పాలు తోడేసిన గిన్నెను పెరుగు కాకముందే కదిలిస్తే ఏమవుతుంది? అదే అయింది. మావాడు కాసేపు ఆలోచించి, కాపలావాడికి రెండు నియమాలు పెట్టాడు. ఒకటి: ఫొటో కనిపించగానే తాకకు, దాని బరువు చూడు, అయిదు సెకన్లాగి మళ్ళీ చూడు, పెరగకుండా ఉంటేనే ముట్టుకో. రెండు: చివర 255, 217 అనే సంతకం ఉన్నదీ లేనిదీ చూడు. ఆ తరవాత ఒక్క ఫొటో కూడా సగంలో తెగలేదు.

నాలుగోవాడు: మెరుగులు దిద్దేవాడు

నట్టింట్లోకి వచ్చిన ఫొటోను పెద్ద ప్రోగ్రాము అందుకుంటుంది. “వెలుతురు ఇంత పెంచు, పసుపుదనం ఇంత తగ్గించు” అని ముందే ఒక చీటీ రాసిపెట్టాం. ప్రతి ఫొటోకూ అదే చీటీ అమలు జరుపుతుంది. ఇటువంటి మంచి ప్రోగ్రాములు అసలు ఫొటోను గీకవు, చెరపవు. అసలును అలాగే ఉంచి, చేయవలసిన మార్పుల చీటీని పక్కన దాచుకుంటాయి. నచ్చకపోతే చీటీ చింపెయ్యవచ్చు, కూర చెడదు.

ఏం జరిగింది

వేడుక రోజు అంతా చక్కగా సాగింది. నేను ఒక కెమేరాతో, అక్కయ్య అదే రకం మరో కెమేరాతో ఫొటోలు తీశాం. తీసింది తీసినట్టు తెర మీద కనిపిస్తూంటే, బంధువులంతా కంప్యూటరు గదిలోనే మూగారు. మధ్యాహ్నం నాన్నగారు తన మునిమనవరాలిని ఒళ్ళో కూచోబెట్టుకున్నారు. అది ఆయన కళ్ళజోడు లాగి తన నోట్లో పెట్టుకున్నది. నాన్నగారు పకపకా నవ్వారు. నాన్నగారు అలా నవ్వటం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. సరిగా ఆ క్షణంలో మీట నొక్కాను. తెర మీద చూసి అందరూ చప్పట్లు కొట్టారు.

రాత్రి మావాడు, “అన్నీ వచ్చేశాయి మామయ్యా,” అన్నాడు. రెండు కెమేరాల కార్డులూ తుడిచేశాం. మర్నాడు అక్కయ్య వాటితోనే గుడిలో బోలెడు ఫొటోలు తీసింది.

రెండు రోజుల తరవాత నాన్నగారు, “ఆ పిల్లతో నవ్విన ఫొటో ఏదిరా?” అని అడిగారు. ఎంత వెతికినా లేదు. దాని సంఖ్య 0688. ఆ పేరుతో నట్టింట్లో ఫొటో ఉన్నది. కాని అందులో నాన్నగారు లేరు, పులిహోర గంగాళం ఉన్నది! సాయంత్రం అక్కయ్య తీసిన ఫొటో అది. ఆమె కెమేరాలో కూడా అదే సంఖ్య వచ్చింది. కాపలావాడు రెండో 0688ను తీసుకుపోయి మొదటి 0688 ఉన్న చోటనే పెట్టాడు. మొదటిది మాయమైంది. కాపలావాడి తప్పేమీ లేదు. ఒకే పేరుతో ఇద్దరు వస్తే ఏం చెయ్యాలో ఎవరూ వాడికి చెప్పలేదు.

ఎన్ని పోయాయో మీరే లెక్కకట్టండి. నా ఫొటోలు 0381 నుంచి 0692 దాకా, అంటే 312. అక్కయ్యవి 0650 నుంచి 0854 దాకా, అంటే 205. మొత్తం 517 ఉండాలి. నట్టింట్లో ఉన్నవి 474. నలభై మూడు ఫొటోలు చప్పుడు చెయ్యకుండా పోయాయి. తుడిచిన కార్డు మీద కొత్త ఫొటోలు పడకపోతే పాతవాటిని వెలికితీసే ప్రోగ్రాములున్నాయి. కాని గుడి ఫొటోలు అప్పటికే వాటి మీద పడ్డాయి.

మావాడు మూలకు పోయి కూచున్నాడు. అన్నానికి కూడా లేవలేదు. నాన్నగారు వాడి దగ్గరికి వెళ్ళారు. ఆయన పోస్టుమాస్టరుగా పనిచేసి రిటైరైనవారు.

“ఒరే, రాత్రి అన్నీ వచ్చాయన్నావుట. ఎలా తెలిసింది?” అని అడిగారు.

“తెరనిండా ఫొటోలు కనిపించాయి తాతయ్యా,” అన్నాడు వాడు.

“మాకు రోజూ పొద్దున సంచీ వచ్చేది. సంచీ వచ్చినంతమాత్రాన ఉత్తరాలు వచ్చినట్టు కాదు. రిజిస్టరు ఉత్తరాలు ఎన్ని ఉన్నాయో చీటీ మీద రాసి పంపేవాళ్ళు. చీటీలో ఎన్ని ఉంటే సంచీలో అన్నీ ఉండాలి. లెక్క సరిపోయాకే నేను సంతకం పెట్టేవాణ్ణి. సంతకం పెట్టిందాకా అవతలివాడి పూచీ, పెట్టాక నా పూచీ. ముప్ఫై ఏళ్ళు అదే చేశాను. నువ్వు యంత్రానికి అన్నీ నేర్పావు గాని, లెక్కచూడటం నేర్పలేదు,” అన్నారు నాన్నగారు. ఆయన కోప్పడలేదు. అందుకే కాబోలు వాడికి మరీ దుఃఖం వచ్చింది.

అంగారకుడి నుంచి వచ్చిన ఫొటోలు

ఈ లెక్కచూడటం నాన్నగారి పోస్టాఫీసుతోనే మొదలు కాలేదు, అక్కడితో ఆగలేదు. ఇంతకంటె ఎంతో దూరం నుంచి గాలి కూడా లేని దారిన ఫొటోలు తెప్పించినవాళ్ళు కూడా అదే చేశారు.

1964 నవంబరు 28న అమెరికావారు మారినర్ 4 అనే నౌకను అంగారక గ్రహం వైపు పంపారు. 1965 జూలైలో అది అంగారకుడికి పదివేల కిలోమీటర్ల లోపుగా పోతూ 21 పూర్తి ఫొటోలు, 22వదానిలో కొంత భాగం తీసింది. భూమి కాక మరో గ్రహాన్ని అంత దగ్గరగా ఫొటో తియ్యటం అదే మొదటిసారి. అప్పుడది భూమికి 21 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్నది. రేడియో తరంగం అక్కడి నుంచి ఇక్కడికి రావటానికి 12 నిమిషాలు పట్టేది.

ఆ ఫొటోలు మన ఫొటోలవంటివి కావు. ఒక వరసకు 200 చుక్కలు, అలాంటివి 200 వరసలు. మొత్తం 40,000 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు ఆరేసి బిట్లు. బిట్టు అంటే 0 గాని, 1 గాని. ఒక్క ఫొటోకు 2,40,000 బిట్లు. వాటిని నౌక సెకనుకు 8⅓ బిట్ల చొప్పున పంపింది. అంటే ఒక్క ఫొటోకు ఎనిమిది గంటలు! మన పెళ్ళి ఫొటోలో 80 లక్షల అంకెలున్నాయిగదా, అంకెకు 8 బిట్లు వేసుకుంటే 6 కోట్ల 40 లక్షల బిట్లు. వైఫై సెకనుకు 4 కోట్ల బిట్లు మోస్తుందనుకుంటే, అది చేరటానికి సుమారు ఒకటిన్నర సెకను చాలు. మారినర్ వేగంతో అయితే 89 రోజులు పట్టేది.

ఫొటో రావటం మొదలుకాగానే, కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఇంజనీర్లకు కాలు నిలవలేదు. యంత్రం బొమ్మ తయారుచేసిందాకా ఆగలేక, వచ్చిన అంకెలను కాగితపు పట్టీల మీద అచ్చువేసి, పక్కపక్కన అతికించి, ఈ అంకెకు ఈ రంగు అని పెట్టుకుని రంగు సుద్దలతో చేత్తో నింపారు. అంగారకుడు అలా రంగు సుద్దలలో మొదట కనిపించాడు. ఆనాటికి అదే వాళ్ళ ఎడిటింగు సాఫ్టువేరు! ఆ బొమ్మను చట్రంలో బిగించి భద్రపరిచారు.

ఇంత తొందరపడ్డవాళ్ళు కూడా ఒక విషయంలో మాత్రం తొందరపడలేదు. నౌకలో ఫొటోలను ఒక టేపు మీద దాచారు. టేపును మొదటి నుంచి చివరిదాకా ఒకసారి వినిపించి, మళ్ళీ రెండోసారి వినిపించారు. దారిలో ఏదైనా పోయిందేమో, చెడిందేమో చూసుకోవటానికి ప్రతి ఫొటోనూ రెండేసి సార్లు తెప్పించుకున్నారన్నమాట. ఒక ఫొటోకు ఎనిమిది గంటలు పట్టే చోట వాళ్ళు రెండుసార్లు లెక్కచూసుకున్నారు. ఒకటిన్నర సెకను పట్టే చోట మేము ఒక్కసారి కూడా చూసుకోలేదు.

ఇప్పుడు మా ఇంటి పద్ధతి

నాన్నగారు చెప్పినట్టే మావాడు కాపలావాడికి కొత్త పాఠాలు నేర్పాడు. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి ఏర్పాటు చేసుకుంటే, వారికి కూడా ఇవి చెప్పండి.

మొదటిది, ప్రతి ఫొటోకూ ఇంటిపేరు పెట్టాలి. ఏ కెమేరా, ఏ తేదీ, ఏ గంట, ఏ నిమిషం, ఏ సెకను, ఆ తరవాత సంఖ్య. తేదీ, వేళ కెమేరాయే ఫొటో లోపల రాసి ఉంచుతుంది గనక వేరే వెతకనక్కర్లేదు. అయినా ఒకే పేరుతో రెండోది వస్తే, ఉన్నదాని మీద పెట్టకూడదు. పక్కన పెట్టి మనిషిని పిలవాలి.

రెండోది, కెమేరాలో ఎన్ని ఉన్నాయో కంప్యూటరులో అన్ని ఉన్నాయా అని ఎంచాలి.

మూడోది, రెండు చోట్ల రెండు ప్రతులు ఉండాలి. రెండూ ఒకటేనని ఎలా తెలుస్తుంది? ఫొటోలోని అంకెలన్నిటినీ ఒక పద్ధతిలో గిలకొట్టి, ఒక ముద్ర అంకెను రాబట్టే ప్రోగ్రాములున్నాయి. ఒక్క చుక్క మారినా ముద్ర మారిపోతుంది. రెండు ప్రతుల ముద్రలూ ఒకటైతే ప్రతులూ ఒకటే.

నాలుగోది, ఈ మూడూ అయ్యేదాకా కార్డు తుడవకూడదు. తుడిచే పని మాత్రం యంత్రానికి అప్పగించకుండా మనమే చెయ్యాలి.

మీరూ చేసి చూడండి

దీనికి కెమేరా అక్కర్లేదు. గళ్ళ కాగితాలు రెండు, పెన్సిళ్ళు రెండు, స్నేహితుడు ఒకడు చాలు.

ఇద్దరూ అడ్డంగా 8, నిలువుగా 8 గళ్ళ చదరం గీసుకోండి. మొత్తం 64 గళ్ళు. స్నేహితుణ్ణి పక్క గదికి పంపండి. మీరు కొన్ని గళ్ళు నలుపు చేసి దీపమో, చేపో గీయండి. ఇప్పుడు పై వరస నుంచి మొదలుపెట్టి గట్టిగా చదవండి: తెల్ల గడికి 0, నల్ల గడికి 1. ప్రతి వరస చివరా తొమ్మిదో అంకెగా ఆ వరసలో ఎన్ని నల్ల గళ్ళున్నాయో చెప్పండి. ఉదాహరణకు, 0 0 1 1 1 1 0 0, ఆపైన 4. స్నేహితుడు గళ్ళు నింపి లెక్కచూసుకుంటాడు. సరిపోతే “చేరింది” అంటాడు. లేకపోతే “మళ్ళీ” అంటాడు. వైఫై చేసే పని ఇదే.

రెండో ఆటలో “మళ్ళీ” అనే మాట లేదు. దానికి బదులు, వరసలన్నీ అయ్యాక నిలువు వరసల లెక్కలు కూడా ఎనిమిదీ చెప్పండి. మధ్యలో కావాలని ఒక్క గడి తప్పు చదవండి. స్నేహితుడికి ఒక అడ్డ వరస లెక్క తప్పుతుంది, ఒక నిలువు వరస లెక్క తప్పుతుంది. ఆ రెండు వరసలూ ఎక్కడ కలుస్తాయో అక్కడే తప్పు! అతను మిమ్మల్ని అడగకుండానే దాన్ని దిద్దుకోగలడు. తప్పు పట్టుకోవటమే కాక దిద్దుకోవటం కూడా అంకెలకు నేర్పవచ్చునని రిచర్డ్ హామింగ్ అనే గణితజ్ఞుడు 1950లో ప్రకటించాడు.

ఇప్పుడు మీకొక ప్రశ్న. గళ్ళు తప్పు చదివినా, అడ్డ లెక్కలూ నిలువు లెక్కలూ అన్నీ సరిపోయి స్నేహితుడు మోసపోవాలంటే, తక్కువలో తక్కువ ఎన్ని గళ్ళు తప్పు చదవాలి? జవాబు వచ్చే నెల చెబుతాను. ఈలోగా కాగితం మీద ప్రయత్నించండి.

అన్నట్టు, ఆ ఫొటో సంగతి మిగిలిపోయింది. పద్ధతి మార్చిన రోజు మావాడు పరీక్ష చెయ్యటానికి తాతయ్యనే కుర్చీలో కూచోబెట్టాడు. మునిమనవరాలిని ఒళ్ళో ఉంచాం. ఎంతసేపు చూసినా అది కళ్ళజోడు లాగలేదు. ఆయన మీసం పట్టుకుని తీరిగ్గా నిద్రపోయింది. నాన్నగారు కదిలితే అది లేస్తుందేమోనని ఊపిరి బిగబట్టి, మావైపు చూసి కళ్ళతో మాత్రం నవ్వారు. మీట నొక్కాను. ఫొటో వాకిట్లో వాలింది, ఆగింది, సంతకం చూపించింది, కొత్త పేరు పెట్టించుకుని నట్టింట్లోకి వెళ్ళింది.

“వచ్చింది తాతయ్యా!” అని మావాడు కుర్చీలోంచి లేవబోయి, మళ్ళీ కూచుని ఎంచాడు. కెమేరాలో ఒకటి, నట్టింట్లో ఒకటి, రెండో చోట మరొకటి. ముద్రలు కలిశాయి. అప్పుడు, “చేరింది,” అన్నాడు.

నాన్నగారు ఇప్పుడు లేరు. ఆ ఫొటో మా హాలులో గోడ మీద ఉన్నది.